అమ్మ జబ్బ లోపలి వైపు నాలుగు మచ్చలు: జారిపడితే అలా కములుతుందా?

పెదవాల్తేరు_అమ్మాయి
మా అమ్మకు 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన తరువాత నడక తగ్గింది, మతిమరుపు కూడా కొంచెం కొంచెంగా మొదలైంది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను, తమ్ముడు దేశంలో లేడు. విశాఖ పెదవాల్తేరు ఇంట్లోనే మనిషిని పెట్టి ఏడాదిపాటు నెట్టుకొచ్చాము. ఆ మనిషి మానేశాక ఇంకొకరు దొరకక, భీమిలి వెళ్లే దారిలో ఉన్న ఒక వృద్ధాశ్రమంలో చేర్చాము. నెలకు 28 వేలు కడుతున్నాము, డైపర్లకూ మందులకూ వేరే బిల్లు వేస్తారు.

పోయిన శనివారం వెళ్లినప్పుడు అమ్మకు చీర మారుస్తుంటే ఎడమ జబ్బ లోపలి వైపు, చంకకు కాస్త కింద, వరుసగా నాలుగు కమిలిన మచ్చలు కనిపించాయి. ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత ఉంది. మేనేజరును అడిగితే బాత్రూములో జారబోతే ఆయా పట్టుకుందని చెప్పారు. అమ్మను అడిగితే నా వైపు చూడకుండా తలుపు వైపు చూస్తూ, "ఏమీ లేదమ్మా, నీ బండికి వేళవుతోంది, వెళ్లు" అంది. ఎప్పుడు వెళ్లినా ఇంకో గంట ఉండమని కొంగు పట్టుకునే మనిషి నన్ను అంత తొందరగా పంపించడం ఇదే మొదటిసారి.

నేను అనవసరంగా అనుమానిస్తున్నానా? గట్టిగా నిలదీస్తే, నేను రైలెక్కిన తరువాత ఆ కోపం అమ్మ మీద తీర్చుకుంటారేమోనన్న భయం నన్ను నిద్రపోనివ్వడం లేదు.

డాబాగార్డెన్స్_రావు
కన్నతల్లిని పరాయివాళ్లకు అప్పగించి, ఆమె ఒంటి మీద మచ్చలెందుకు వచ్చాయని ఇక్కడ అడగడం నాకు వింతగా ఉంది. మా నాన్నగారిని చివరి 4 ఏళ్లు మా ఇంట్లోనే చూసుకున్నాము.

దూరపు_కొడుకు
రావు గారూ, ఆ 4 ఏళ్లు మీ నాన్నగారికి రాత్రిపూట బట్టలు మార్చింది మీరా, మీ ఇంటావిడా? ఆ ఒక్కటి చెప్పిన తరువాత మిగతా మాట్లాడుకుందాము. ఆవిడ అడిగింది మచ్చల గురించి. హోమ్‌లో చేర్చడం సబబా కాదా అన్నదానికి వేరే చర్చ మొదలుపెట్టండి.

ఉక్కునగరం_మామ
అసలు ముందు పేరు సంగతి తేల్చుకుంటే మంచిది. మా మేనల్లుడు అమెరికా నుంచి ఫోను చేసి, "అత్తను మంచి నర్సింగ్ హోమ్‌లో చేర్చు మామయ్యా" అన్నాడు. నేను జగదాంబ సెంటరు దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళితే, వాళ్లు సెలైన్ ఎక్కించి మూడో రోజు డిశ్చార్జ్ చేశారు. అమెరికాలో ఆ మాటకు పెద్దవాళ్లను ఉంచుకుని చూసుకునే చోటు అని అర్థమట, మనకు నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి.

సీతమ్మధార_వకీలు
మామ గారు నవ్వులాటకు అన్నా అందులో అసలు విషయం ఒకటి ఉంది. ప్రైవేటు ఆసుపత్రులూ నర్సింగ్ హోమ్‌లూ మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్యశాఖ దగ్గర రిజిస్టరు కావాలి. పడుకోబెట్టి అన్నం పెట్టే వృద్ధాశ్రమం ఆ చట్టం కిందికి రాదు. కానీ చాలా హోమ్‌లు "24 గంటల నర్సింగ్ సేవ" అని బోర్డు పెట్టి, నర్సింగ్ చదివిన మనిషి ఒక్కరు కూడా లేకుండా నడుస్తున్నాయి. మీ అమ్మగారి హోమ్ బోర్డు మీద ఏముందో, మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ఒకసారి చూసి చెప్పండి.

గాజువాక_ఫిజీషియన్
మచ్చల సంగతి చెబుతాను. ముసలితనంలో చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచన చేసే మందులు వాడేవారికి మంచం అంచు తగిలినా ముంజేతి మీద ఊదారంగు మచ్చలు పడతాయి. అందువల్ల ప్రతి మచ్చా దెబ్బ కాదు, రంగును చూసి అది ఎన్నాళ్లదో తేల్చడం మాకు కూడా సాధ్యం కాదు.

కానీ ఎక్కడ పడిందన్నది చాలా సంగతి చెబుతుంది. పొరపాటున తగిలిన దెబ్బలు ఎక్కువగా ముంజేతుల మీదా, మోకాళ్ల మీదా, మోకాలి కింది ఎముక మీదా ఉంటాయి. జబ్బ లోపలి వైపు, మెడ, చెవి వెనుక, వీపు, తొడ లోపలి వైపు ఉంటే ఆలోచించాలి. మీరు చెప్పిన నాలుగు వరుస మచ్చలు వేళ్ల గుర్తుల్లా ఉన్నాయి, జబ్బకు అవతలి పక్క బొటనవేలి గుర్తు ఐదోది ఉందేమో చూడండి. అయితే నిజంగా జారిపోతున్న మనిషిని పట్టుకున్నా ఇలాగే వేళ్లు దిగుతాయి, కాబట్టి ఈ ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయానికి రాకండి.

తెల్లచీర_సిస్టర్
డాక్టరు గారి మాటను తోసిపుచ్చను కానీ, నేను ఇలాంటి హోమ్‌లలో 9 ఏళ్లు పనిచేశాను, అక్కడ నేను ముందు చూసేది మచ్చలను కాదు. చుట్టాలు శని, ఆదివారాల్లో పదకొండింటికి వస్తారని మాకు తెలుసు. ఆ రోజు తెల్లవారకముందే స్నానాలు, పౌడర్లు, ఉతికిన దుప్పట్లు పూర్తవుతాయి. మీరు ఫోను చేయకుండా మంగళవారమో బుధవారమో రాత్రి ఏడున్నరకు, అన్నాలు పెట్టే వేళకు వెళ్లండి.

మంచినీళ్ల గ్లాసు పడుకున్న మనిషి చేతికి అందేటట్టు ఉందా, కిటికీ గట్టు మీద ఉందా అన్నది ముందు చూడండి. కాలింగ్ బెల్ తీగ మంచం మీద ఉందా, అందకుండా పైకి చుట్టేశారా? దుప్పటి తీసి మడమలు చూడండి, నడుము కింద ఎముక తగిలే చోట చూడండి. అక్కడ ఎర్రబడి, వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే పడకపుండు మొదలైనట్టే. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతుంటే ఆ స్థితి రావడం అరుదు. మీ అమ్మగారిని ఆయాలు ఏమని పిలుస్తున్నారో గుమ్మం బయట ఒక నిమిషం నిలబడి వినండి. "అమ్మగారూ" అన్న పిలుపు మీరు లోపలికి రాగానే మొదలైతే, అంతకు ముందు వేరే పిలుపు ఉందని అర్థం.

బీచ్‌రోడ్డు_వాకర్
సిస్టర్ గారు చెప్పిన గ్లాసు సంగతి నిజం. మా పెద్దమ్మ వేసవిలో కూడా నీళ్లు వద్దనేది. తాగితే డైపరు తడుస్తుందనీ, తడిస్తే తిడతారనీ ఆవిడే నీళ్లు మానేసిందని మాకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేర్చాక తెలిసింది. ఆమెను ఎవరూ కొట్టలేదు, ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు.

కంచరపాలెం_కుర్రాడు
నేను ఇంటర్ అయ్యాక 11 నెలలు ఒక హోమ్‌లో రాత్రి డ్యూటీ చేశాను. 22 మంచాలకు రాత్రి నేనొక్కడినే ఉండేవాడిని, జీతం 9 వేలు. ఒకాయన రాత్రంతా "రైలు వచ్చేసింది, నన్ను దింపేయండి" అని మంచం దిగేవారు. ఆయన పడిపోతే నా జీతంలో కోస్తామని యజమాని చెప్పాడు. ఒక రాత్రి నేను ఆయన చెయ్యిని తువ్వాలుతో మంచం కడ్డీకి కట్టాను. తెల్లవారి విప్పేటప్పుడు ఆయన నాకు దండం పెట్టారు. మరుసటి నెల నేను మానేశాను. చేసింది తప్పు కాదని చెప్పడానికి ఇది రాయడం లేదు, కాని మీరు ఆయా ఒక్కదాన్నే పట్టుకుని యజమానిని వదిలేస్తారని రాస్తున్నాను.

గాజువాక_ఫిజీషియన్
తమ్ముడూ, నువ్వు రాసింది చాలామంది చెప్పుకోరు. ఇలాంటి సంస్థలలో పనిచేసే సిబ్బందిలో ముగ్గురిలో ఇద్దరు, గడిచిన ఏడాదిలో తాము ఏదో ఒక రూపంలో పెద్దలను బాధపెట్టామని ఒప్పుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది వివిధ దేశాల అధ్యయనాల మీద వేసిన లెక్క. చేతులు కట్టడం కనిపిస్తుంది కనుక అడుగుతాము. పగలంతా మగతగా పడుకోబెట్టడానికి ఇచ్చే నిద్రమాత్ర కనిపించదు. పెదవాల్తేరు అమ్మాయి గారూ, మీ అమ్మగారి మందుల చీటీనీ, అక్కడ నిజంగా ఇస్తున్న మాత్రల స్ట్రిప్పులనూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకోండి. చీటీలో లేని మాత్ర కనిపిస్తే అది ఎవరు రాశారో అడగండి.

డాబాగార్డెన్స్_రావు
మతిమరుపు ఉన్నవారి మాటలు ఎంతవరకు నమ్మాలన్నది కూడా ఎవరైనా చెప్పండి. మా నాన్నగారు ఇంట్లో ఉండగానే నా భార్య తన ఉంగరం దొంగిలించిందని వీధిలో అందరికీ చెప్పారు, ఉంగరం ఆయన కళ్లజోడు పెట్టెలో దొరికింది. (దూరపు కొడుకు గారి ప్రశ్నకు జవాబు: మా ఇంటావిడే మార్చేది.)

దూరపు_కొడుకు
సూటిగా చెప్పినందుకు సంతోషం.

తెల్లచీర_సిస్టర్
రావు గారి అనుభవం నిజమే, దొంగతనం అనుమానం ఆ జబ్బులో మామూలే. అందుకే అలాంటి పెద్దల దగ్గర దొంగతనం చేయడం కూడా సులువు, ఎవరు చెప్పినా "ఆవిడ అలాగే అంటారండీ" అని తోసేయవచ్చు. మాటను పూర్తిగా నమ్మనక్కరలేదు, పూర్తిగా కొట్టిపారేయనూ కూడదు. ఉంగరం పెట్టెలో వెతికిన తరువాతే నిర్ణయించాలి. ఇంకొకటి ఏమిటంటే, మతిమరుపు మనిషి జరిగింది మరచిపోయినా భయం మరచిపోరు. ఫలానా ఆయా గదిలోకి రాగానే ఒళ్లు బిగుసుకుంటే అది అబద్ధం చెప్పదు.

ఉక్కునగరం_మామ
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా అన్నయ్య పెన్షను ఏటీఎం కార్డు హోమ్ సూపర్‌వైజరు దగ్గర ఉండేది, "మందులకు అవసరమవుతుంది" అన్నారు. 5 నెలల తరువాత పాస్‌బుక్ నింపించి చూస్తే ప్రతి నెలా రెండో తారీఖున 4 వేలు తీసినట్టు ఉంది, ఆ తేదీల్లో మందుల బిల్లు ఒక్కటి కూడా లేదు. అప్పటి నుంచి బ్యాంకు మెసేజిలు నా ఫోనుకు వచ్చేటట్టు పెట్టించాను.

ఎర్రమట్టి_దిబ్బలు
చిన్న కెమెరా కొని గడియారంలో పెట్టేయండి, వారంలో అంతా తేలిపోతుంది.

సీతమ్మధార_వకీలు
తొందరపడవద్దు. ఆ గదిలో ఇంకొకరు ఉంటే బట్టలు మార్చేటప్పుడు ఆమెను కూడా మీరు చిత్రీకరించినట్టవుతుంది, అప్పుడు ఫిర్యాదు మీ మీదికే తిరుగుతుంది. ఫోటోలు మీ అమ్మగారివి మాత్రమే, ఆమె సరేనన్న తరువాత, పక్కన నాణెం పెట్టి కొలత తెలిసేటట్టు తీయండి. తేదీ, వేళ, ఎవరు ఏమన్నారో అదే రాత్రి ఒక నోటు పుస్తకంలో రాయండి.

ఇక చట్టం. 2007 నాటి వయోవృద్ధుల చట్టం పేరు అందరూ చెబుతారు. దాని కింద ఆర్డీఓ దగ్గరున్న ట్రిబ్యునల్ ప్రధానంగా పిల్లల నుంచి పోషణ ఇప్పించడానికీ, చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని వెనక్కు ఇప్పించడానికీ ఉంది. హోమ్‌లో దెబ్బలు తగిలితే దారి పోలీసుస్టేషనే. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గాయపరచడం 115వ సెక్షను కిందికి వస్తుంది, కానీ అది ఒక్కటే అయితే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. మంచానికి కట్టి కదలనివ్వకపోవడం 127 కింద అక్రమ నిర్బంధం, దానికి నేరుగా కేసు కట్టవచ్చు. కాబట్టి ఫిర్యాదులో "కొట్టారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా కట్టిన గుర్తులు ఉంటే అది స్పష్టంగా రాయాలి. మీరు బెంగళూరు నుంచి ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వచ్చి సంతకం పెడితే చాలు.

వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా ఫోను చేయవచ్చు. అప్పటికప్పుడు ప్రాణాపాయం ఉంటే మాత్రం 112. మీ అమ్మగారు మహిళ కనుక ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ సాయం అడగవచ్చు, దాని నంబరు 15100.

బీచ్‌రోడ్డు_వాకర్
సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ కూడా ఇవ్వండి. రసీదు నంబరు చేతికి వస్తుంది, దానితో వెంటపడవచ్చు. వయోవృద్ధుల సంక్షేమ శాఖకు కూడా ఒక ప్రతి ఇవ్వండి.

పెదవాల్తేరు_అమ్మాయి
అందరి మాటలూ రెండుసార్లు చదివాను. సెలవు పెట్టి మంగళవారం రాత్రి ఏడూ నలభైకి చెప్పకుండా వెళ్లాను. గేటు దగ్గర 10 నిమిషాలు ఆపారు, నేను కదలకపోయేసరికి తీశారు.

అన్నం కంచం మంచం కాళ్ల వైపు స్టూలు మీద చల్లారిపోయి ఉంది, అమ్మకు అది కనిపిస్తుంది కానీ అందదు. గ్లాసు సిస్టర్ గారు చెప్పినట్టే కిటికీ గట్టు మీద, బోర్లించి ఉంది. మంచం కడ్డీకి పాత చీర చింపిన పేలిక ఒకటి, సరిగ్గా మణికట్టు వచ్చే చోట, ముడి వేసి ఉంది. ఆ ముడి ఎన్నాళ్ల నుంచి ఉందో కాని రాయిలా బిగిసిపోయింది, విప్పుతుంటే నా గోరు విరిగింది. అమ్మ మణికట్టు చుట్టూ గాజు ఒరిపిడిలాంటి గీత ఉంది, కానీ గాజులు చేర్చిన నెలలోనే తీసి నేను ఇంటికి తెచ్చేశాను.

నీళ్లు తాగించాను. రెండు గ్లాసులు తాగి, నా చెవి దగ్గరికి వచ్చి, "తడిపితే దీపాలార్పేస్తారే" అంది.

అలమారులో డైపర్ల పొట్లాలు లెక్కపెట్టాను. ఆ నెల 90 డైపర్లకు బిల్లు వేశారు, పొట్లానికి 10 చొప్పున 9 పొట్లాలు. నేను వెళ్లింది 26వ తారీఖు, విప్పని పొట్లాలు 5 ఉన్నాయి. అంటే రోజుకు రెండు కూడా మార్చలేదు.

తెల్లచీర_సిస్టర్
అమ్మగారిని ఈ రాత్రికి అక్కడ ఉంచకండి.

గాజువాక_ఫిజీషియన్
మామూలుగా అయితే మతిమరుపు ఉన్నవారిని హఠాత్తుగా చోటు మార్చవద్దంటాను, అయోమయం పెరుగుతుంది. ఇక్కడ మాత్రం సిస్టర్ గారి మాటే నా మాట. నేరుగా ఇంటికి కాక ఆసుపత్రికి తీసుకువెళ్లి, కట్టిన గుర్తుల గురించి చెప్పి మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేసే ఆసుపత్రి రికార్డుగా) రాయించండి. రెండు రోజులు ఆగితే ఆ గీత చెరిగిపోతుంది. బరువు తూయించండి, చేర్చినప్పటి బరువు హోమ్ రికార్డులో ఉంటుంది.

పెదవాల్తేరు_అమ్మాయి
మూడు రోజులుగా రాయడానికి వీలు కాలేదు. ఆ రాత్రే కేజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకువెళ్లాను, మెడికో లీగల్ కేసుగా రాశారు. చేర్చినప్పుడు 51 కేజీలున్న అమ్మ ఇప్పుడు 43. కుడి మడమ మీద పుండు ఉంది, మేజోడు వేసి ఉంచడం వల్ల శనివారం నాకు కనిపించలేదు. పోలీసులకు మణికట్టు సంగతి, పేలిక సంగతి వేరు వేరు వాక్యాలుగా రాసి ఇచ్చాను. పేలికను మాత్రం ఒక కవరులో పెట్టి అప్పగించాను.

అమ్మ ఇప్పుడు పిన్ని వాళ్లింట్లో అక్కయ్యపాలెంలో ఉంది, నేను రెండు నెలలు ఇక్కడి నుంచే పనిచేయడానికి ఆఫీసు ఒప్పుకుంది. ఆ తరువాత ఏమిటో ఇంకా తెలియదు.

హోమ్ వాళ్లు నిన్న ఫోను చేసి, రెండు నెలల నోటీసు ఇవ్వకుండా తీసుకువెళ్లారు కనుక డిపాజిట్ 50 వేలు తిరిగి ఇవ్వబోమన్నారు.

ఉక్కునగరం_మామ
కట్టిన పేలికకు కూడా అద్దె వేయలేదు, సంతోషించండి.

సీతమ్మధార_వకీలు
ఆ మాట వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పమనండి, ఫోనులో మళ్లీ మాట్లాడకండి. డిపాజిట్, వాడని డైపర్ల డబ్బు, సేవాలోపానికి పరిహారం కలిపి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే దాఖలు రుసుము కూడా లేదు. క్రిమినల్ కేసు దారి దానిదే, ఇది వేరు. రాజీకి వస్తే డిపాజిట్ ఇస్తాము, కేసు వదలండి అంటారు, ఆ రెండింటినీ ఒక మూటలో కట్టనివ్వకండి.

కంచరపాలెం_కుర్రాడు
అక్కా, ఆ రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారో కూడా ఫిర్యాదులో రాయించారా?

పెదవాల్తేరు_అమ్మాయి
రాయించాను తమ్ముడూ. 19 మంచాలకు ఒక్కరే. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్లు కూడా ఉన్నట్టు లేవు. నేను ముడి విప్పుతుంటే గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆమె మీద కేసు పెట్టడానికి నాకు మనసు రాలేదు, కానీ పేరు చెప్పకుండా ఉండడం కూడా కుదరలేదు.

డాబాగార్డెన్స్_రావు
మొదట నేను రాసిన మాట కఠినంగా ఉంది, కానీ హోమ్‌ల మీద నా అభిప్రాయం మారలేదు. మిగిలిన 18 మంచాల సంగతి ఎవరైనా చూశారా?

పెదవాల్తేరు_అమ్మాయి
హెల్ప్‌లైన్‌కు చెప్పాను, వచ్చి చూస్తామన్నారు. కలెక్టరేట్ అర్జీలో కూడా రాశాను. అమ్మ పక్క మంచం మీద ఒక పెద్దావిడ ఉండేది. నేను అక్కడ ఉన్న ప్రతిసారీ ఆమె నన్నే తన కూతురనుకుని, "వచ్చావా" అనేది. ఆమె కోసం ఎవరైనా రావడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. అమ్మ నిన్న మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చుని, "దానికి ఎవరు కలిపి పెడుతున్నారో" అని అడిగింది. హోమ్ వాళ్లు నన్ను గేటు లోపలికి రానివ్వరు.

డాబాగార్డెన్స్_రావు
ఆవిడ పేరు, గది నంబరు నాకు మెసేజి పెట్టండి. మా వియ్యంకుడు మధురవాడలోనే ఉంటాడు, ఇద్దరమూ బుధవారం రాత్రి ఏడున్నరకు వెళతాము.

తెల్లచీర_సిస్టర్
చెంచా, మెత్తటి పెరుగన్నం తీసుకెళ్లండి. ముందు ఆవిడను లేపి కూర్చోబెట్టి, ఆ తరువాతే పెట్టండి. పడుకోబెట్టి పెడితే పొలమారుతుంది.